నలభై నిమిషాలు

కొండమీద గేటుకాడ చీటీ ఇచ్చినారు:
పదీ నలభై రెండు.
వెనకాల్నే చెంగల్రాయుడికి కూడా అదే,
ఒకే నిమిషంలో పుట్టిన కవల చీటీలు.
అలిపిరి చేరేదానికి నలభై నిమిషాలు పట్టాల,
ముందుగా దిగితే జరిమానా.
ఇద్దరికీ తెలుసు.
అయినా దిగినాము.

ఖాళీ బండ్లు.
నా సీట్ల సందులో ఎవురి పాపదో రబ్బరు చెప్పు ఒకటి,
సీటు గుడ్డలకు పొద్దుటి గుండ్ల గంధం.
పందెం ఎవురూ కట్టలే.
స్టాండులో మొదటి జాగా ఒకటే ఉండేది,
తెల్లారి నాలుగింటికి రైలొస్తాది.
అంతే.

మొదటి మలుపు వాడిది.
రెండోది లోపలిపక్క నించి నేను లాక్కున్నా.
బ్రేకు తొక్కేవాడు సగం డ్రైవరు,
గేరుతో దిగేవాడు నిండు డ్రైవరు
అనేవాడు నాకు నేర్పిన కన్నప్ప మేస్త్రీ.
ఆ రాత్రి ఇద్దరమూ సగం సగమే.
అద్దంలో వాడి లైట్లు,
తర్వాత అద్దంలో చీకటి,
తర్వాత నా పక్కనే
కిటికీ మీద వాడి మోచెయ్యి.
కింద తిరపతి, ఆరబోసిన వడ్ల మాదిరి,
మలుపుకొకసారి ఎడంపక్క, మలుపుకొకసారి కుడిపక్క.

ఈ పంతం ఎందుకంటే
చెప్పేదానికి సిగ్గు.
ఐదేండ్ల కిందట ఒక నాగపూరు కుటుంబం,
పదకొండు మంది, ఆరు సంచులు,
నాతో బేరం కుదుర్చుకోని వాడి బండెక్కినారు.
అప్పట్నించి ఒకే బంకుకాడ
ఆ మొకమొకడు, ఈ మొకమొకడు తిరిగి
టీ తాగతా ఉండాము.

మోకాళ్ళ మిట్టకాడ
ఒక ముసలామె మోకాళ్ళమీద మెట్లెక్కతా ఉండింది,
ముందొక పిల్లోడు టార్చి పట్టుకోని వెనక్కి నడస్తా.
ఎవురూ చెప్పకుండానే
రెండు ఇంజన్లూ గొంతు తగ్గించినాయి.
ఆమె దాటినాక మళ్ళా పెంచినాయి.

ఆఖరి మలుపులో, గోడవారగా,
ముందు నేనో వాడో, ఆగినాము.
ఇరవై రెండు నిమిషాలు.
ఇంకా పద్దెనిమిది మిగిలినాయి.
గేటు దాటితే గదా గెలుపు!

నా వెనక చక్రం పొగలు కక్కతా ఉండింది.
క్యాను మూత తీసినా.
"పొయ్యొద్దురా నాదమునీ, డ్రమ్ము పగల్తాది."
ఐదేండ్ల తర్వాత వాడి నోట నా పేరు.
పొయ్యలే.
ఏం చెయ్యాలో తెలీక నేనే తాగి
క్యాను నడిమధ్యన పెట్టినా.
వాడు మొకం కడుక్కున్యాడు, తాగలే.

పద్దెనిమిది నిమిషాలు
పగోళ్ళిద్దరికి శానా ఎక్కువ.
వాడు టైర్లు తన్ని చూసినాడు.
నేను వాచీ చూసినా.
కోనలో యాడో దుప్పి అరిచింది.
"ఆ నాగపూరోళ్ళు," అన్యాడు టైరుతోనే,
"దుడ్లు ఎగ్గొట్టి పోయినారు, తెల్సునా?"
నవ్వొచ్చింది.
నవ్వలే.

పదకొండూ ఇరవై రెండు.
వాడు తాళం తిప్పినాడు. సెల్ఫు దగ్గింది.
మళ్ళా తిప్పినాడు. మళ్ళా దగ్గింది.
నా బండి ఒక్క దెబ్బకే లేసింది.
పక్కనించి పోయుండచ్చు.
గేరు కూడా వేసినా.

తీసినా.
హ్యాండు బ్రేకు, చక్రం కింద రాయి.
వాడి వెనకతలుపుకు చేతులు ఆనించినా.
నాలుగడుగులు నేను తోసినా,
మిగిలింది కొండ తోసింది.
రెండు ఎర్రదీపాలు గేటుపక్కకు జారిపోయినాయి,
చెయ్యి కూడా ఊపకుండా.

స్టాండు చేరేసరికి
మొదటి జాగాలో వాడి బండి,
లోపల ముసుగుతన్ని వాడు.
వెనకాల ఆపినా.
నా అరిచేతుల నిండా వాడి తలుపు దుమ్ము.
జేబులో చీటీ,
ఎక్కిందీ దిగిందీ గుద్దిన చీటీ.
ఎవురన్నా చూస్తే అంటారు,
ఎంత నిదానంగా దిగినారబ్బా వీళ్ళు, అని.